సాగిన టేపు, ముడుచుకున్న దారం

సాంతియాగో, చిచర్రోనెస్ గుట్ట
14 ఫిబ్రవరి 1993

ఇలారియో మామయ్యకు,

నీ ఉత్తరం నిన్న చేరింది. పోస్టుమాన్ సైకిలుకు గొలుసు తెగిందట, గుట్ట ఎక్కలేక కింద నుంచే కేకేశాడు, "జెనాయిదా కూతురా! బరాకోవా నుంచి నీ మామయ్య!" అని. అంటే నాకంటే ముందు గుట్టంతటికీ అందింది నీ ఉత్తరం.

అమ్మకు చదివి వినిపించాను. నీ కళ్ళకు సరిగ్గా మధ్యలో మసక కమ్మిందనీ, ఎదుటి మనిషి ముఖం తప్ప చుట్టూ ఉన్నదంతా కనిపిస్తోందనీ రాశావు చూడు, అక్కడ ఆపి మళ్ళీ చదవమంది. చదివాను. అమ్మ ఏడవలేదు. లేచి వెళ్ళి బీరువాలోంచి నీలం గౌను తీసి ఎండలో వేసింది. "వాడికి నా ముఖం ఇంకా కాస్త ఆనుతున్నప్పుడే వెళ్ళాలి. తర్వాత వెళ్తే వాడికి దొరికేది గొంతే కదా. గొంతు వినడానికి అంత దూరం దేనికి?" అంది.

వెళ్ళాలి సరే, ఎలా? బస్సుల మాట మరిచిపోయి చాలా కాలమైంది. ట్రక్కు ఎక్కాలంటే నిచ్చెన ఎక్కాలి. అమ్మ మెట్ల మీద పడి తుంటి విరిగినప్పటి నుంచి ఆ కాలు మోకాలి ఎత్తు దాటి లేవదు. ఇక మిగిలింది మన బండి. నువ్వు వర్క్‌షాపులో ముక్కా ముక్కా పోగేసి కట్టి, చెల్లెలికని ఇచ్చిన ఆ చెక్ దేశపు మోటార్‌సైకిలే. నాన్న పోయాక దాన్ని నేనే నడుపుతున్నాను. నేను కిక్కు కొడితే చాలు, మగవాళ్ళంతా పని మానేసి గుమ్మాల్లోకి వస్తారు, స్టార్టవుతుందా లేదా అని పందెం కాయడానికి.

పెట్రోలు రమ్ము సీసాల్లో పోగేస్తున్నాను. దాని బాధ లేదు. బాధంతా వెనక చక్రం కుదుపు ఆపే షాక్‌లతోనే. ఒకదాంట్లో నూనె మొత్తం కారిపోయింది, రెండోదాని కడ్డీ వంగింది. పాలీక్లినిక్ దాకా వెళ్ళొచ్చేసరికే అమ్మ పెదవి కొరుక్కుని కూర్చుంటోంది. ఇక బరాకోవా కొండదారి మలుపుల్లో ఆ తుంటి ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

కింది వీధిలో లేతు పెట్టుకున్న ఒనేలియో నీకు గుర్తున్నాడు కదా. అతని దగ్గర ఒక జర్మన్ బండి షాక్‌ల జత ఉంది. మెత్తగా ఉంటాయట, సోఫాలా. కానీ మనవాటికంటే పొడుగు. అమ్మ టేపుతో కొలిచాను. మనవి ఈ చివర బోల్టు కన్ను నుంచి ఆ చివర కన్నుకి ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, అతనివి ముప్పై మూడని అతనే చెప్పాడు. పనికొస్తాయా రావా, నువ్వు చెప్పు.

నీ మేనకోడలు
ఇదాలియా

అమ్మ అడగమంది: క్లినిక్ వాళ్ళిచ్చే విటమిన్ మాత్రలు నువ్వు వేసుకుంటున్నావా, కోళ్ళకు వేస్తున్నావా?


బరాకోవా
3 మార్చి 1993

అమ్మాయ్ ఇదాలియా,

మాత్రలు నేనే వేసుకుంటున్నాను. కోళ్ళు ఎప్పుడో కూరైపోయాయి. ఈ కళ్ళ జబ్బు వచ్చినవాళ్ళలో కొందరికి చూపు తిరిగి వచ్చిందట, నాకింకా రాలేదు. ఇప్పుడీ కాగితాన్ని దొంగలా పక్కచూపు చూస్తూ రాస్తున్నాను. సూటిగా చూస్తే నా అక్షరాలే నాకు మాయమైపోతున్నాయి.

జెనా వస్తానన్న మాట చదివి ఇంట్లో కుర్చీలన్నీ తుడిచాను. ఉన్నవి రెండే అనుకో.

ఇక అసలు విషయం. ఇరవై ఎనిమిదేమిటే పిల్లా? ఆ బండి షాక్ ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ముప్పై రెండు. ఇరవై ఏళ్ళు వర్క్‌షాపులో వాటిని విప్పి బిగించినవాణ్ణి, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నీ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసా? మీ అమ్మ టేపు. అది గుడ్డ టేపు, మా అమ్మ కాలం నాటిది. లాగి లాగి సాగిపోయింది. ఆ టేపుతో జెనా ఏది కుట్టినా వదులే. నా పెళ్ళి ప్యాంటు దాంతోనే కొలిచి కుట్టింది. పాదిరి ప్రమాణం చేయిస్తుంటే ఒక చేత్తో పెళ్ళికూతురి చెయ్యి, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాను. సాగిన టేపు మీద ఇరవై ఎనిమిదంటే లోకం మీద ముప్పై రెండు.

కాబట్టి ఒనేలియోవి ఒక్క వేలు పొడుగు, అంతే. భేషుగ్గా పనికొస్తాయి.

ఆ షాక్‌లు అలా చచ్చాయంటే నాకేం ఆశ్చర్యం లేదు. నేను ఆఖరుసారి మీ ఇంటికొచ్చినప్పుడే చూశాను, బండి వెనక భాగం కుంగిపోయి, ఈనబోయే పందిలా పొట్ట నేలకు ఆనించి నిలబడింది. రేసుగుర్రంలాంటి బండిని ఇస్తే మీ నాన్న బొగ్గు బస్తాలు మోయించి గాడిదను చేశాడు. అడిగితే నోరు విప్పలేదు. తప్పు చేసినవాడు ఏం విప్పుతాడు! పోయినవాణ్ణి అనకూడదంటారు. నేను అనడం లేదు, బండి అంటోంది.

మీ మామయ్య
ఇలారియో


సాంతియాగో
20 మార్చి 1993

మామయ్యా,

నీ ఉత్తరం బయటికి చదవడం నాదే బుద్ధి తక్కువ. టేపు మాట వినగానే అమ్మ కుట్టుమిషను ఆపేసింది. "వాడి ప్యాంటు వదులు కావడానికి టేపు ఏం చేసింది? పెళ్ళయ్యాక వాడు కాస్త ఒళ్ళు చేస్తాడని రెండు వేళ్ళు ఎక్కువ వదిలాను. నేను ఎవరికి కుట్టినా అలాగే కుడతాను" అంది. ఇప్పుడు తిండి చాలక ఊరు ఊరంతా చిక్కిపోయింది కాబట్టి అమ్మ కుట్టినవి ఇంకా వదులుగా కనిపిస్తున్నాయి. ఆ పాపం టేపుది కాదు.

అయినా నీ మాట కొట్టేయకుండా బడి నుంచి చెక్క స్కేలు తెచ్చి మళ్ళీ కొలిచాను. ఇరవై ఎనిమిదే! నీకు స్కేలు మీదా నమ్మకం ఉండదేమోనని, షాక్ పక్కన నూలు దారం పెట్టి, ఈ కన్ను నుంచి ఆ కన్నుకి సరిగ్గా తెంపి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. నువ్వే కొలుచుకో.

ఒనేలియో తొందరపెడుతున్నాడు. ఆ జత కోసం ఇంకెవరో తిరుగుతున్నారట. అతను అడిగేది నాన్న తోలు బూట్లు, పైగా మన పాత షాక్‌లు. ఉక్కు ఎక్కడా దొరకడం లేదు, వాటి కడ్డీలు, స్ప్రింగులు అతనికి కావాలి. బూట్లు అమ్మ మంచం కింద ఉన్నాయి. రోజూ తుడుస్తుంది. అడిగితే "ఇచ్చేయ్, ఆయన కాళ్ళు ఇక తిరిగి రావు కదా, నా కళ్ళు వాణ్ణి చూస్తే చాలు" అంది.

ఇవ్వమంటావా, వద్దంటావా? దారం కొలిచి రాయి.

ఇదాలియా


బరాకోవా
5 ఏప్రిల్ 1993

ఇదాలియా,

దారం చేరింది. ఉత్తరం వానలో నాని వచ్చింది. నూలు తడిస్తే ముడుచుకుంటుందని నీకు ఎవరూ చెప్పలేదా? దర్జీ కూతురివి! కొలవడం కూడా దండగే.

తీసుకో ఆ జత. పాతవి ఇచ్చేయ్. చచ్చిన షాక్‌లు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావు, పూలు పెడతావా? బూట్లు కూడా ఇచ్చేయ్. ఆ బూట్లు తొడుక్కుని బావ చేసిన మంచి పని ఒక్కటి నాకు గుర్తుంటే ఉంచమనేవాణ్ణి.

బిగించేటప్పుడు జాగ్రత్త. జర్మన్ షాక్ కన్ను పెద్దది, మన బోల్టు సన్నం. మధ్య ఖాళీ వదిలితే కొండదారిలో బోల్టు తెగి ఇద్దరూ లోయలో ఉంటారు. ఒనేలియో చేత ఆ ఖాళీ నింపే ఇత్తడి బుష్ లేతు మీద తిప్పించు, దాని చుట్టూ ట్రాక్టరు ట్యూబు రబ్బరు చుట్టించు. రెండు వైపులా ఒకేసారి మార్చు. ఒకవైపు పాతది, ఒకవైపు కొత్తది ఉంటే వెనక చక్రం పట్టే ఫోర్కు మెలితిరుగుతుంది. ముందు కింది బోల్టు బిగించు, పైది వదులుగా ఉంచు, నువ్వు సీటు మీద కూర్చుని రెండుసార్లు ఊగు, అప్పుడు పైది బిగించు.

త్వరగా రండి. నిన్న బజార్లో ఎవరో "ఇలారియో!" అని భుజం మీద చెయ్యి వేశారు. టోపీ కనిపించింది, చొక్కా కనిపించింది. మధ్యలో ఎవరూ లేరు. గొంతు గుర్తుపట్టే లోపల అతనికి కోపమొచ్చి వెళ్ళిపోయాడు.

మామయ్య


సాంతియాగో
2 మే 1993

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మా మామయ్యకు,

టేపు సాగిందట, దారం ముడుచుకుందట. లోకంలో సాగనిదీ ముడుచుకోనిదీ నీ మాట ఒక్కటే. సరే, నువ్వు చెప్పినట్టే చేశాను.

ఒనేలియో పాత కుళాయి కోసి ఇత్తడి బుష్‌లు తిప్పాడు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి లేతు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చినప్పుడల్లా వీధంతా హోరెత్తుతుంది, అతను లేతు మీద పడతాడు, పోగానే ఇద్దరం తిట్టుకుంటూ చక్కెర నీళ్ళు తాగుతాం. అలా అలా నాలుగు బుష్‌లూ అయ్యాయి. నువ్వు చెప్పిన వరుసలోనే బిగించాను, ఊగమన్నచోట ఊగాను.

మామయ్యా, ఆ మెత్తదనం ఏం చెప్పను! గుంతలు లేనట్టే ఉంది. బేకరీ ముందు రాళ్ళ దారిలో కూడా వెనక పెట్టిన రొట్టెల గంప కదల్లేదు. కాసేపు నిజంగా అనుకున్నాను, ఇక వెళ్తామని.

రెండు సంగతులు తేడాగా ఉన్నాయి. ఒకటి, బండి బాగా లేచింది. నా కాళ్ళు మునివేళ్ళ మీదే ఆనుతున్నాయి. రెండోది, స్టాండు అందడం లేదు. స్టాండు వేస్తే గాలిలో వేలాడుతోంది. బండి పక్కకు ఒరిగి పడుతోంది, కాబట్టి గోడకు ఆనిస్తున్నాను. ఒక్క వేలు పొడుగైన షాక్‌కి ఇంత తేడా వస్తుందా?

అమ్మను ఇంకా ఎక్కించలేదు. బూట్ల గురించి నువ్వు రాసిన మాట చదవకుండా దాటేద్దామనుకున్నాను, నేను ఆ పంక్తి దాటించగానే కాగితం లాక్కుని తనే చదువుకుంది. నీలం గౌను మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. "రానని రాయి" అంది. కారణం అడిగితే మిషను తొక్కుతోంది.

నువ్వు ఒక్క మంచి మాట రాస్తే వస్తుంది. అది నీ చేతిలో పని, నేను చేయలేను.

ఇదాలియా


బరాకోవా
25 మే 1993

ఇదాలియా,

ఈ ఉత్తరంతో పాటు ట్రక్కు డ్రైవరు చేతికి కొబ్బరీ తేనే కలిపిన మిఠాయి ఇచ్చాను, తాటాకు పొట్లాల్లో. అవి జెనాకి. నీకు కావాలంటే దాన్ని అడుక్కో. నాకు మంచి మాటలు రాయడం రాదు, మిఠాయి కొనడం వచ్చు.

స్టాండు అందకపోవడం కుదరని పని. ఫ్యాక్టరీ స్టాండు ఒక వేలు పొడుగైన షాక్‌కి బాగా అందుతుంది. నేను స్వయంగా అలా ఎన్నో బళ్ళకు వేశాను. అందడం లేదంటే ఎవరో దాన్ని కోశారు. ఎవరో ఏమిటి, బావే. ఆ ఇనప ముక్కతో తలుపు గడియో, పొయ్యి కాలో చేసుకుని ఉంటాడు. ఇంకా ఏమేం కోశాడో వెతుకు. స్టాండు కాళ్ళు కడిగి చూడు, రంపపు గాటు, వెల్డింగు మచ్చ ఉంటాయి. చూసి రాయి. నా అనుమానం నిజమో కాదో తెలియాలి.

ఎడమ కన్ను కాస్త నయం అనిపించింది, రెండు రోజులే. గుడ్డి కన్నా మెల్ల మేలని దాన్నే వాడుకుంటున్నాను. త్వరగా రమ్మని జెనాతో చెప్పు. కోప్పడేదేదో ఇక్కడికొచ్చి కోప్పడవచ్చు. ఇక్కడ చోటుంది.

ఇలారియో


సాంతియాగో
18 జూన్ 1993

మామయ్యా,

ఇది నీకు ఎలా రాయాలో తెలియక కాగితాలు పాడుచేశాను. కాగితం కూడా దొరకడం లేదు, అందుకని ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను.

స్టాండు కడిగాను. గాటు ఉంది, వెల్డింగు ఉంది. నువ్వన్నది నిజమే. కానీ ఆ వెల్డింగు ఆకురాయి పెట్టి నున్నగా అరగదీసి, దాని మీద బండి రంగే వేసి ఉంది. పొయ్యి కాలు కోసం కోసినవాడు అంత ఓపిక పడతాడా? వెళ్ళి అమ్మను నిలబెట్టి అడిగాను. మిఠాయి పొట్లం విప్పుతోంది. విప్పడం ఆపి చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను:

"తుంటి విరిగి మంచం దిగాక, బండి ఎక్కబోతే కాలు సీటు దాటలేదు. నలుగురు పట్టుకుని ఎక్కించబోయారు. మూటలా అనిపించి ఏడ్చాను. ఆయన ఆదివారాలు పెరట్లో కూర్చుని షాక్‌లు విప్పాడు, లోపల ఏదో గొట్టం ముక్క వేశాడు, స్ప్రింగులు కోశాడు, స్టాండు కోశాడు. ఒక ఆదివారం పిలిచి 'ఎక్కు' అన్నాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాను. 'ఇలారియోకి చెప్పకు, వాడు కట్టిన బండిని కోశానంటే నన్ను కసాయివాడంటాడు' అన్నాడు. తర్వాత మీ మామయ్య వచ్చాడు, బండి కుంగిందని గుట్టంతా వినేలా కేకలేశాడు. ఆయన నోరు విప్పలేదు. నేను చెప్పబోతే చెయ్యి నొక్కాడు. 'చెల్లెలి కాలు లేవదని వాడికి వీధిలో చెప్పాలా?' అన్నాడు."

మామయ్యా, బొగ్గు బస్తా ఒక్కటి కూడా ఎక్కలేదు ఆ బండి మీద. ఇరవై ఎనిమిది అంటే నిజంగా ఇరవై ఎనిమిదే. టేపు సాగలేదు, దారం ముడుచుకోలేదు.

ఆ సాయంత్రమే ఒనేలియో దగ్గరికి పరిగెత్తాను, పాతవి తిరిగి ఇమ్మని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఒక స్ప్రింగు ముక్కలై సైకిలు ట్రాలీల కింద ఉంది. కడ్డీలు కాఫీ గింజలు దంచే రోకళ్ళయ్యాయి. ఒకటి మా వీధిలోనే ఉంది, చప్పుడు వినిపిస్తుంది.

అమ్మ మాత్రం గౌను మళ్ళీ బయటికి తీసింది. ఇదంతా చెప్పేశాక ఆమెకు బరువు దిగినట్టుంది. "ఎత్తయితే అయింది, ముక్కాలి పీట వేసుకుని ఎక్కుతాను" అంటోంది.

ఇదాలియా


బరాకోవా
9 జూలై 1993

ఇదాలియా,

అక్షరాలు పెద్దవిగా ఉంటే ఏమీ అనుకోకు. ఒకదాని మీద ఒకటి ఎక్కితే విడదీసి చదువు.

బావ చేసిన పద్ధతి సరైనదే. కొత్త షాక్‌లకు కూడా అదే చేయాలి. రాసుకో. షాక్ నిలువుగా బల్లకు బిగించు. స్ప్రింగును ఇద్దరు కలిసి కిందికి నొక్కండి, పైన రెండు అర్ధచంద్రాల బిళ్ళలు ఉంటాయి, వాటిని లాగేయ్. స్ప్రింగు బయటికి వస్తుంది, ముఖానికి దూరంగా ఉంచు. పై మూత విప్పు. లోపలి కడ్డీకి ఐదు సెంటీమీటర్ల గొట్టం ముక్క తొడుగు, అప్పుడు కడ్డీ పూర్తిగా పైకి రాదు. స్ప్రింగు రెండు చుట్లు కోయి. కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోయాలి, లేకపోతే ఉక్కు మెత్తబడి చస్తుంది. నూనె నింపి మూసెయ్.

ఇది నేను వర్క్‌షాపులో చేసే పద్ధతి. బావకు ఒకసారి చూపించాను, పెళ్ళైన కొత్తలో. సరదాకి అడుగుతున్నాడనుకున్నాను. అన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు.

అతను ఏ రంపంతో కోశాడో జెనాను అడుగు. నేనిచ్చిన చిన్న రంపమేనా?

పీట వేసి ఎక్కించకు. షాక్‌లు కుదించేదాకా ఎక్కించకు. దారిలో ఎక్కడ దిగాల్సి వస్తే అక్కడ పీట ఎవడు వేస్తాడు? తొందరలేదు. నేను ఎక్కడికీ పోను.

ఇలారియో


సాంతియాగో
12 సెప్టెంబరు 1993

మామయ్యకు,

ఇన్నాళ్ళూ రాయనందుకు నీకు కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా.

నీ జూలై ఉత్తరం వచ్చేసరికే పడ్డాం. అమ్మ ఆగలేదు. పీట వేశాను, పక్కింటివాళ్ళు ఇద్దరు పట్టుకున్నారు, ఎక్కింది. వీధిలో చప్పట్లు కొట్టారు. నీలం గౌనులో నా నడుం పట్టుకుని "మెత్తగా ఉందే, మీ నాన్న ఉంటే ముచ్చటపడేవాడు" అంది. గుట్ట దిగేదాకా బాగానే ఉంది. కింద మలుపులో ఇంజను ఆగిపోయింది. నా కాలు నేలకు అందలేదు. పాత ఎత్తయితే అమ్మ తనే కాలు ఆనించేది. ఇప్పుడు ఇద్దరికీ అందలేదు. మెల్లగానే పడ్డాం, నడిచే మనిషి కూర్చున్నంత మెల్లగా. పడ్డది ఆ తుంటి మీదే.

అమ్మ మంచం మీదే ఉంది. పక్కకు కూర్చోబెట్టి తీసుకెళ్దామా అని కూడా అడిగాను డాక్టరును. ఇక ఏ బండీ వద్దన్నాడు, ఏ వైపుకు కూర్చున్నా సరే. కర్రతో గుమ్మం దాకా నడిస్తే అదే గొప్పన్నాడు.

అయినా నీ పద్ధతి ప్రకారం షాక్‌లు కుదించాలని తిరిగాను, ఎందుకో నాకే తెలియదు. ఒనేలియో లేడు. హవానా వెళ్ళాడన్నారు, అక్కడి నుంచి సముద్రం దాటాడో, ఎటు వెళ్ళాడో మా వీధిలో ఎవరూ పైకి అడగరు. లేతును గోనెతో కప్పి ఉంచారు. పోయేటప్పుడు నాన్న బూట్లే వేసుకున్నాడట. సీసాల్లో పెట్రోలు డాక్టరును తెచ్చుకోవడానికి, మందుల కోసం తిరగడానికి అయిపోయింది.

నీ ప్రశ్నకు జవాబు: చిన్న రంపమే. పిడి మీద నీ పేరు గీసి ఉంది. పెరటి అరుగు కింద నూనె గుడ్డలో చుట్టి ఉంది, తుప్పు లేదు.

అమ్మ మంచం మీదే నీకు చొక్కా కుట్టింది. పిండి సంచుల గుడ్డ, కానీ తెల్లగా ఉతికింది. పంపుతున్నాను. కొలత తెలియదు కదా అంటే "వాడి ఒళ్ళు నాకు తెలుసు, రెండు వేళ్ళు ఎక్కువ వదిలాను" అంది.

దారం తడిసిందని నువ్వు రాసిన రోజు నేను ఇంకోసారి గట్టిగా చెప్పి ఉంటే అని అనుకుంటూ ఉంటాను. నీ మీద కోపం లేదు. ఎవరి మీదైనా ఉంటే బాగుండు, పని చేసుకుంటూ తిట్టుకునేదాన్ని.

ఇదాలియా


బరాకోవా
30 అక్టోబరు 1993

ఇదాలియా,

ఈ చేతిరాత నాది కాదు. పక్కింటి పంతులమ్మ రాసిపెడుతోంది. ఆమె ముందు నేను బూతులు మాట్లాడలేను, కాబట్టి ఈ ఉత్తరం మర్యాదగా ఉంటుంది.

పక్కచూపు కూడా పోయింది. పగలూ రాత్రీ తేడా తెలుస్తుంది, కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. అంతే.

చొక్కా వేసుకున్నాను. వదులుగా ఉంది. భుజం దగ్గర కుట్టు వేలితో తడిమి చూశాను, జెనా కుట్టే. చివర ముడి రెండుసార్లు వేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

నీ మార్చి ఉత్తరం వెతికి తీయించాను. అందులో దారం ఉంది. ఆరిపోయి ఎన్నో నెలలైంది కదా, ఇప్పుడు ముడుచుకుందని చెప్పడానికి లేదు. నా జాన ఎంతో నాకు తెలుసు, వర్క్‌షాపులో స్కేలు లేనప్పుడు దాంతోనే కొలిచేవాణ్ణి. జాన పెట్టాను, వేళ్ళు పెట్టాను. ఇరవై ఎనిమిది. తడిగా ఉన్నప్పుడు కొలిచినా ఇరవై ఎనిమిదే వచ్చేది. కొలవలేదు.

దారాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను. బావ కొలత అది. నా దగ్గర అతనిది ఇంకేమీ లేదు.

ఒక్కటి అడుగుతాను, జెనాను చెప్పమను. దాని ముఖం తలుచుకోబోతే నాకు ఆ చివరి రోజుదే వస్తోంది, వీధిలో నేను బావ మీద కేకలేసినప్పటిది. దానికి ముందువన్నీ ఎటో పోయాయి. ఇప్పుడు ఎలా ఉందో, మారిందో లేదో రాయమను. పంతులమ్మ చదివి వినిపిస్తుంది.

ఇలారియో


సాంతియాగో
21 నవంబరు 1993

అన్నయ్యా,

ఇది నేనే రాస్తున్నాను. ఇదాలియా బేకరీకి వెళ్ళింది. నీకు ఎవరో చదివి వినిపిస్తారు కాబట్టి కొన్ని రాయడం లేదు. పంతులమ్మగారూ, ఏమీ అనుకోవద్దు.

చొక్కా చేతులు పొడుగైతే మడుచుకో, కత్తిరించకు. మిఠాయి తిన్నాను, బాగుంది, నేను తాటాకు కూడా నాకానని ఇదాలియా నీకు రాయలేదు కదా? ఆయన నీ మీద ఎప్పుడూ కోపం పెట్టుకోలేదు. నువ్వు కట్టిన బండికి ఎవరైనా వంక పెడితే కొట్టడానికి వెళ్ళేవాడు.

బండి గోడకే ఆని ఉంది. ఆ సీటు ఎత్తు కోళ్ళకు బాగా నచ్చింది, చీకటి పడగానే అన్నీ ఎక్కి కూర్చుంటాయి.

ముఖం సంగతి అడిగావు. ఏమీ మారలేదు. నువ్వు చివరిసారి చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ రోజు నీ మీద కోపంగా ఉన్నాను. ఆ కోపం ఒక్కటి తీసేసి, మిగతాది ఉంచుకో.

నీ చెల్లెలు
జెనా